నాలుకతో అమ్మిన ఎరుపు

పెంపుడు పిట్టలకు కట్టెబొమ్మలు చేసి అమ్మడం కూడా ఒక పనేనా అని మా చుట్టాలు చాలామంది అడిగారు. అడిగినవాళ్ళలో సగంమంది ఇళ్ళలో ఇప్పుడు పిట్టలున్నాయి కాబట్టి జవాబు చెప్పే శ్రమ తప్పింది. ఇరవై రెండేళ్ళు ఆ పనే చేశాను. మణికట్టు నొప్పితో రంపం పట్టలేక, పోయిన ఏడాది మానేశాను. పేరేసంద్రలో ఇద్దరు ఆడపిల్లలు నా సామాను తీసుకుని పని మొదలుపెట్టారు. "అమ్మా, రంగు సంగతి కొంచెం రాసియ్యండి" అని అడిగారు. రాస్తున్నాను. బేరం సంగతి వాళ్ళు అడగలేదు. అదీ రాస్తున్నాను, ఎందుకంటే రంగులో నేను చేసిన పెద్ద తప్పు అంగట్లోనే మొదలైంది.

అంగడి పిల్ల

మా పుట్టిల్లు కర్ణాటకలోని చింతామణి. నాయనకు పూజసామాన్ల అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు. నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. చెప్పిన ధరకు వస్తువు కొంటే ఆ రోజు అన్నం అరగని ఇంట్లో పుట్టాను. మెట్టినిల్లు బాగేపల్లి. అక్కడ మా ఇంటాయనది మొలలు, తాళాలు, పెయింటు డబ్బాల అంగడి. అంటే పుట్టింట్లో ఒళ్ళు ఎర్రగా అయ్యేది, అత్తింట్లో పచ్చ, నీలం, గోధుమరంగు.

మొదటి బొమ్మ పక్కింటి పిట్ట కోసం చేశాను. చిన్న రంగురంగుల పిట్ట. మనవాళ్ళు అందరూ లవ్ బర్డ్ అంటారు, అసలు లవ్ బర్డ్ వేరే. పొద్దు పోక తన ఈకలు తానే పీక్కుంటూ ఉండేది. దానికి కొరకడానికి నాలుగు కట్టెముక్కలు తాడుకు గుచ్చి ఇచ్చాను. పీక్కోవడం తగ్గింది. పక్కింటామె పదిమందికి చెప్పింది. ఆ పదిమందిలో తొమ్మిదిమంది ధర తగ్గించమన్నారు. నాకు సొంత ఊరికి వచ్చినట్టనిపించింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మొదట ఒక మాట తెలుసుకోవాలి. పిట్టకు ఆడుకోవడం అంటే పగలగొట్టడం. మీరు రెండు రోజులు కూర్చుని చేసిన బొమ్మను అది ఒక పూటలో పొడి చేసి పంజరం కింద పోస్తే మీ పని బాగుందని అర్థం. అందంగా వేలాడుతూ ఆరు నెలలున్న బొమ్మ దండగ బొమ్మ. ఇంకో మాట. మన తోటల్లో తిరిగే పచ్చ చిలుకను పంజరంలో పెట్టడం నేరం. అలాంటివాళ్ళకు నేనెప్పుడూ అమ్మలేదని రాసుకోవాలని ఉంది. మొదట్లో రెండు అమ్మాను. చట్టం తెలిశాక మానేశాను.

కట్టె

దేవదారు ముక్కలు మంచివే, కానీ కొనాలి. కొనడమంటే నాకు పడదు. మా చుట్టూ పట్టుపురుగుల ఊళ్ళు. మల్బరీ కొమ్మ మెత్తగా ఉంటుంది, పిట్ట ముక్కుకు బాగా లొంగుతుంది, దానికి హాని లేదు. దిబ్బూరహళ్ళిలో గంగమ్మ అనే రైతమ్మ దగ్గరికి పోయాను. పురుగుల ఇంటి వెనక ఆకు తినేసిన ఉత్త కొమ్మలు గుట్టగా పడి ఉన్నాయి. ఊరికే వస్తాయని కళ్ళు మెరిశాయి. మోపు కట్టుకుంటుంటే గంగమ్మ ఆపింది.

"యాటికమ్మా అవి?"

"పిట్టలకు బొమ్మలు చేస్తాండాను."

"పెట్టేయి కింద. పురుగులకు రోగం రాకుండా వాటి మీద మందుపొడి చల్లింటాము. చేలో కత్తిరించిన కొమ్మ ఇస్తాను రా. దానికైతే దుడ్డు ఇయ్యాల."

"ఎండిన కట్టెకు దుడ్డా?"

"నీకు బొమ్మ, నాకు పొయ్యి కట్టె. నువ్వు ఎత్తుకపోతే నా పొయ్యికి ఏం పెట్టేది, నీ పిట్టనా?"

దుడ్డు ఇచ్చాను. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది. ఊరికే వచ్చే వస్తువు ఎందుకు ఊరికే వస్తోందో అడగాలని గంగమ్మ చెప్పకనే చెప్పింది. నేను కట్టెవరకే నేర్చుకున్నాను.

మా ఇంటాయన అంగట్లో ప్లైవుడ్ ముక్కలు కుప్పలుగా ఉండేవి. వాటిని ముట్టలేదు, ఎందుకంటే వాటిని ఏ జిగురుతో అంటిస్తారో నాకు తెలుసు. పాత తలుపులు, కిటికీలు కూడా వద్దు. వాటి మీద ఎన్ని పొరల పెయింటు ఉందో ఆ ఇంటి యజమానికే తెలియదు. సామాను వచ్చిన చెక్కపెట్టెలు దేనిలో ముంచి తీశారో ఎవరూ చెప్పరు. వాటినీ వదిలేయండి.

రంగు

రంగు పిట్టకు కొంత సరదా, కొనేవాళ్ళకు చాలా సరదా. రంగు లేని బొమ్మను ఎవరూ చేత్తో ఎత్తి చూడరు. అందుకని రంగు వేయక తప్పదు. నేను వేసిన తీరు ఇది.

కొమ్మ బెరడు తీసి, కడిగి, ఎండబెట్టాలి. మిఠాయిల్లో వేసే తినే రంగు తీసుకోవాలి. సీలు ఉండాలి, తినేదని పొట్లం మీద రాసి ఉండాలి, చేసినవాళ్ళ చిరునామా ఉండాలి. చిల్లరగా కాగితంలో కట్టిచ్చేది వద్దు. వేడినీళ్ళలో రంగు కలిపి ఒక చెంచా వెనిగర్ వేయాలి. ముక్కలను రాత్రంతా నాననివ్వాలి. నీడలో మూడు రోజులు ఆరబెట్టాలి. వాన ముసురుంటే ఐదు రోజులు. తొందరపడితే లోపల తేమ ఉండి బూజు పడుతుంది, ఆ బూజు రంగుకంటే పెద్ద శత్రువు.

ఆరాక తెల్లగుడ్డ తడిపి గట్టిగా రుద్దండి. గుడ్డకు లేతగా అంటితే ఇంకోసారి కడిగి ఆరబెట్టండి. బాగా అంటితే పారేయండి. పిట్ట తన బొమ్మను నీళ్ళ గిన్నెలో ముంచుతుంది, ఆ నీళ్ళే తాగుతుంది. పైన మెరుపు కోసం వార్నిష్ వేయవద్దు, గోళ్ళ రంగు వద్దు, పెయింటు వద్దు. తగిలించే తీగ కూడా చూసుకోవాలి. తుప్పు పట్టకుండా జింకు పూసిన తీగ పిట్టకు విషం. స్టీలు కొక్కెం వాడండి.

పసుపు కావాలంటే కొమ్ములు తెచ్చి ఇంట్లో దంచుకోండి. పొడి పసుపులో ఏం కలుపుతారో పూజసామాన్ల అంగడి పిల్లగా నాకు తెలుసు, ఇక్కడ రాయను, నాయన పరువు ఉంది. బీట్‌రూట్ తడిగా ఉన్నప్పుడు పెళ్ళికూతురిలా ఉంటుంది, ఆరాక నిలవున్న పచ్చడిలా ఉంటుంది. శంఖపుష్పంతో నీలం వస్తుందని అంటారు. పిట్టకు పడుతుందో లేదో నాకు తెలియదు. తెలియనిదాన్ని నేను వాడలేదు.

ఈ చివరి వాక్యం ఎరుపు విషయంలో అబద్ధం. అదే ఇప్పుడు చెప్పబోయేది.

నాకే బొమ్మ

మంచి ఎరుపు కోసం నేను పడిన పాట్లు చాలా. తినే రంగు ఎరుపు ఆ రోజుల్లో నాకు మరీ పిరమని, ధర ఎక్కువని అనిపించేది. ఒకసారి చింతామణి పోయినప్పుడు నాయన అంగట్లో కుంకుమ రాశి చూశాను. అప్పటికి అంగడి మా తమ్ముడు సీనడి చేతికి వచ్చింది. నుదుటికి పెట్టుకునేది, దేవుడికి పెట్టేది, అందులో చెడు ఏముంటుంది అనుకున్నాను. మా చిన్నప్పుడు నాయన పసుపుకొమ్ములతో, సున్నంతో ఇంట్లోనే కుంకుమ చేయించేవాడు. ఆ వాసన ముక్కులో ఉండిపోయింది. అది చాలు అనుకున్నాను.

"సీనా, రెండు కిలోలు కట్టు. బొమ్మలకు."

వాడు ధర చెప్పాడు. నేను నవ్వాను. వాడు తగ్గించాడు. నేను మెట్లు దిగాను. వాడు పిలిచాడు. ఇంకో రెండుసార్లు ఇదే జరిగింది. చివరికి వాడు "సరే అక్కా, కూర్చో, లోపలినుంచి తెస్తా" అని పోయి తెచ్చాడు. తమ్ముడి దగ్గర కూడా గెలిచానని బస్సులో బాగేపల్లి దాకా నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ ఎరుపు అద్భుతంగా పట్టింది. తెల్లగుడ్డకు కొంచెం అంటేది. కుంకుమ కదా, అంటదా అని ఊరుకున్నాను.

ఇక అమ్మే పద్ధతి. ఎవరైనా "రంగు మంచిదేనా?" అంటే నేను మా ఇంటాయన అంగట్లో ఒక పక్క వేసుకున్న నా బల్ల మీద నుంచి ఒక ఎర్రబొమ్మ తీసి వాళ్ళ ముందే నాలుకతో నాకేదాన్ని. "నేను తినేది, మీ పిట్ట తినకూడదా?" అనేదాన్ని. దాని తర్వాత అందరూ డబ్బు తీసేవాళ్ళు. నాకేది రోజూ ఒకే బొమ్మ. అమ్మే బొమ్మను ఎంగిలి చేయకూడదు కదా. నెల రోజులు నాకేసరికి దాని మీద ఊడే రంగంటూ మిగల్లేదు. కడిగిన గిన్నెలా ఉండేది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా నాకడం మానేదాన్ని కాదేమో.

సోమారి

బాగేపల్లిలో మా వీధి చివర కృష్ణప్ప మేష్ట్రు ఉండేవారు. శాలెలో ముప్పై ఏళ్ళు కన్నడ చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య జయమ్మ. రిటైరైన రెండో నెలకే ఇద్దరికీ మాటలు అయిపోయాయి. గొడవ కూడా లేదు, ఊరికే అయిపోయాయి. అప్పుడు ఎవరో వాళ్ళకు బూడిదరంగు పిట్ట ఒకటి ఇచ్చారు, తలమీద కుచ్చు, బుగ్గలమీద నారింజ చుక్క. కాకటీల్ అంటారు. పొద్దెక్కినా లేవదని దానికి సోమారి అని పేరు పెట్టారు. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ సోమారి మీదుగా నడిచేవి.

"సోమారీ, ఆయప్పకు చెప్పు, అన్నం ఆరిపోతాండాదని."

"సోమారీ, మీ అమ్మకు చెప్పు, ఉప్పు ఎక్కువైతే నాకు బీపీ అని."

వీధిలో పోయేవాళ్ళం నిలబడి వినేవాళ్ళం. సోమారి అందరికీ ఒకే జవాబు చెప్పేది, పొడుగాటి ఈల.

మేష్ట్రు సోమారి కోసం ఎర్రబొమ్మ కొన్నారు. నేను మామూలుగా నాకి చూపించాను. ఐదో రోజు మధ్యాహ్నం ఆయన, జయమ్మ ఇద్దరూ పంజరం పట్టుకుని అంగడికి వచ్చారు. సోమారి ఈకలు పొంగించుకుని ముద్దగా కూర్చుంది. కళ్ళు మూతపడుతున్నాయి. తిన్నది కక్కింది. కింద పరిచిన కాగితమంతా ఎరుపు. బొమ్మ సగం లేదు.

మేష్ట్రు కోప్పడలేదు. అందుకే భయం వేసింది. మిగిలిన సగం బొమ్మ బల్ల మీద పెట్టి, "నాకి చూపించమ్మా" అన్నారు.

నా చెయ్యి అలవాటు కొద్దీ నా పాత బొమ్మ వైపు పోయింది.

"అది కాదు. ఇది. నాకేది కూడా కాదు, కొరుకు. అది కొరికినట్ల."

కొరికాను. చేదు. నోట్లోంచి తీసేసరికి పెదాలు, పళ్ళు, నాలుక అన్నీ ఎర్రగా అయ్యాయి. మా ఇంటాయన మొలలు తూచడం ఆపి నన్ను చూశాడు. జయమ్మ నన్ను కాదు, పంజరాన్నే చూస్తోంది. "సోమారీ," అంది, "ఆయప్పకు చెప్పు, చిక్కబళ్ళాపురం బస్సు పోతాదని." ఈల రాలేదు. మేష్ట్రు తిన్నగా ఆమె వైపు తిరిగి, "పోదాం పా" అన్నారు. పిట్టతో చెప్పించకుండా ఆయన భార్యతో మాట్లాడడం నేను వినడం అదే మొదలు. సంతోషించే సమయం కాదు.

ఫోను

చిక్కబళ్ళాపురంలో ఒక పశువుల డాక్టరమ్మ ఉంది, ఆవుల మధ్య పిట్టలను కూడా చూసేది. చిన్న వయసు. ముగ్గురం బస్సులో పోయాం. పంజరం జయమ్మ ఒళ్ళో. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తెరిస్తే పళ్ళు కనపడతాయి.

డాక్టరమ్మ మొదట తీగ సంగతి అడిగింది. స్టీలు అని చెప్పాను. తర్వాత రంగు.

"కుంకుమ తల్లీ. మా పుట్టింటి కుంకుమ. నేను రోజూ నాకి చూపిస్తాను."

ఆమె సోమారిని చిన్న త్రాసులో పెట్టింది. "తొంభై గ్రాములు. మీరెంతుంటారమ్మా?"

"అది అడగద్దు."

"సరే, అడగను. మీరు నాలిక కొనతో అంటించినదీ, ఇది ఐదు రోజులు కొరికి మింగినదీ ఒకటేనా? కుంకుమ మంచిదైనా అందులో సున్నం ఉంటాది. నుదుటికి పెట్టేది కడుపుకు పెట్టరు కదా. ముందు అది ఏ కుంకుమో కనుక్కోండి."

సీనడికి ఫోను చేశాను. డాక్టరమ్మ వినాలని స్పీకరు పెట్టమంది.

"సీనా, నాకిచ్చింది పసుపు కుంకుమే కదా?"

"కాదక్కా."

"కాదంటే?"

"మొదట చూపించింది పసుపుదే. నువ్వు తగ్గించమంటివి, ఇంకో రకం తీసినా. మళ్ళా తగ్గించమంటివి. నువ్వు మూడుసార్లు తగ్గిస్తివి, నేను మూడుసార్లు మార్చినా. చివరిది రంగుపొడి అక్కా, ముగ్గులకు కలుపుతారే, అది. బొమ్మలకు కదా అంటివి."

"నాతో చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే. ధర ఒకటే అడిగితివి."

నేను ఫోను పెట్టేశాను. మేష్ట్రు ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి. నా తప్పు దిద్దాల్సిన అవసరం లేదని ఆయనకు తెలిసిపోయింది. డాక్టరమ్మ గొట్టంతో పిట్ట గొంతులోకి మందునీళ్ళు పోసింది, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టింది.

"బతుకుతాదా తల్లీ?" జయమ్మ అడిగింది.

"ఇంటికి తీసుకపోయి ఇట్లే వెచ్చగా పెట్టుకోండి. మూడు రోజులు చూడాల. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

జయమ్మ నా వైపు తిరిగింది. తిడుతుందని చూశాను. "మీ నోరు కడుక్కోండి," అంది. "మీకూ ఏమన్నా అయితే మీ ఆయన ఎవరితో మాట్లాడుకుంటాడు?"

ఎరుపు ఏరడం

ఆ మూడు రోజులు నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. అమ్మిన ఎర్రబొమ్మలన్నీ వెనక్కి తెచ్చే పని పెట్టుకున్నాను. చిక్కబళ్ళాపురంలో రెండు పిట్టల అంగళ్ళు, చింతామణిలో ఒకటి, పేరేసంద్రలో రోడ్డు పక్క బొమ్మల అంగడి, ఇళ్ళకు ఇచ్చినవి కొన్ని. ప్రతిచోటా నిజం చెప్పాను. నిజం చెప్పడం బేరంకంటే కష్టమైన పని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఎక్కడ ఆపాలో తెలియదు.

పేరేసంద్ర అంగడాయప్ప ఒప్పుకోలేదు. "ఇంతవరకు ఏ పిట్టా చావలేదు. ఎందుకమ్మా ఊరికే గలాటా?"

"చచ్చేదాకా ఆగాలా?"

"సరే. నేను కొన్న ధరకు కాదు, అమ్మే ధరకు వాపసు తీసుకో."

ఈ ఇరవై రెండేళ్ళలో ఎవరూ నన్ను అంత సులువుగా ఓడించలేదు. ఇచ్చాను. అన్నిటినీ పగలగొట్టాను. నేను రోజూ నాకిన బొమ్మను మాత్రం పగలగొట్టలేదు. అది ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరైనా కొత్తవాళ్ళు పని నేర్చుకోవడానికి వస్తే మొదట దాన్నే చూపిస్తాను. రుద్దితే తెల్లగుడ్డకు ఏమీ అంటదు. చాలా మంచి బొమ్మ అంటారు. అప్పుడు కథ చెబుతాను.

నాలుగో రోజు పొద్దున అంగడి తెరుస్తుంటే వీధి చివరనుంచి ఈల వినిపించింది. పొడుగాటిది కాదు, సగం ఈల. నేను తాళం చెవి అలాగే పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ వచ్చింది. మా ఇంటాయన, "ఎంత సేపు నిలబడతావు, తెరువు" అన్నాడు, కానీ ఆయనా చెయ్యి ఆపాడు.

రంగువల్లే పిట్టకు అలా అయిందని డాక్టరమ్మ గట్టిగా చెప్పలేదు. కట్టె పేళ్ళు మింగి ఉండొచ్చు అంది. నిజం తేల్చుకోవడానికి ఇంకో పిట్టకు పెట్టి చూసే ఉద్దేశం నాకు లేదు. మేష్ట్రు ఇంటికి ఉత్త మల్బరీ కొమ్మముక్కలు గుచ్చి రంగు లేకుండా ఒకటి తీసుకుపోయాను. సోమారి దాన్ని ఒక పూటలో పొడి చేసింది.

"సోమారీ, ఈయమ్మకు చెప్పు," అన్నారు మేష్ట్రు, "రంగు లేదు కాబట్టి ధర తగ్గించాల అని."

అడిగినంత తగ్గించాను.

మళ్ళీ చింతామణి

ఎరుపు మానేస్తే వ్యాపారం నడవదు. నెల తర్వాత చింతామణి పోయాను. సీనడు నన్ను చూసి గల్లా వెనక నుంచి లేచాడు. "తినే ఎరుపు ఉండాదా?" అన్నాను. ఉందన్నాడు. ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టి ధర చెప్పాడు. చెప్పి, నా నవ్వు కోసం ఆగాడు.

నేను నవ్వలేదు. చెప్పినంత తీసి బల్ల మీద పెట్టాను.

వాడు ఆ నోట్లను ముట్టలేదు. "అక్కా, ఒంట్లో బాగుండాదా? బావకు ఫోను చేసేదా?"

"బాగుండాను. కట్టు."

వాడు నా మొహం చూశాడు, బల్ల మీది నోట్లు చూశాడు. తర్వాత ఆ పొట్లం వెనక్కి లాక్కుని లోపలికి పోయి, పైఅరలోంచి ఇంకొకటి తెచ్చాడు. దానికి సీలు ఉంది.

"నువ్వు ఎట్లైనా తగ్గిస్తావని మొదట తక్కువ రకం తీసినా," అన్నాడు.

వాడి తప్పు కాదు. మా ఇద్దరినీ పెంచిన అంగడి ఒకటే. సీలు తెంచి, అలవాటు కొద్దీ వేలు లోపల పెట్టి, కొంచెం ఎరుపు అద్దుకుని నోటి దగ్గరికి తీసుకుపోయాను. సీనడు బల్ల మీదుగా వంగి నా మణికట్టు పట్టుకున్నాడు.

"నాలిక మీద పెట్టద్దక్కా," అన్నాడు. "కళ్ళద్దాలు పెట్టుకో. పొట్లం మీది చీటీ చదువు."